గండుపిల్లికి మూత్రం ఆగిపోయింది: డ్రై ఫుడ్ పూర్తిగా మానాలా, వెట్ ఫుడ్‌తో కలిపి పెట్టవచ్చా?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు పిల్లులు ఉన్నాయి. పెద్దది ఐదేళ్ల గండుపిల్లి. దానికి ఏడాది వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, ఇప్పుడు ఐదున్నర కిలోల బరువుంది. చిన్నది ఏడాదిన్నర వయసున్న ఆడది, మూడు కిలోలు ఉంటుంది. మేము శాకాహారులం. మా అత్తగారికి వంటింట్లో చేపల వాసన ఏమాత్రం సరిపడదు కనుక మొదటి నుంచీ రెండింటికీ డ్రై ఫుడ్డే పెడుతూ వచ్చాం. పొద్దున్నే గిన్నె నిండా గింజలు పోసి, పక్కన నీళ్లు పెట్టి నేను బడికి వెళ్లిపోతాను. సాయంత్రం వచ్చేసరికి గింజల గిన్నె ఖాళీ అయి ఉంటుంది, నీళ్ల గిన్నె మాత్రం దాదాపు పెట్టినది పెట్టినట్టే ఉంటుంది. ఆ రెండో గిన్నెను నేను ఏనాడూ పట్టించుకోలేదు.

గత నెలలో గండుపిల్లి ఇసుక తొట్టెలో కూర్చోవడం, ఏమీ పోయకుండానే లేవడం, పది నిమిషాలకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. మలబద్ధకం అనుకుని ఒక పూటంతా ఊరుకున్నాను. రాత్రికి అది పొట్ట తాకనివ్వలేదు, రెండుసార్లు వాంతి చేసుకుంది, మంచం కిందకు వెళ్లి మూలుగుతూ పడుకుంది. తెల్లవారాక తీసుకువెళితే మూత్రనాళం మూసుకుపోయిందనీ, ఇంకొక పూట ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు వచ్చేదనీ చెప్పారు. గొట్టం వేసి మూత్రం తీశారు, మూడు రోజులు సెలైన్ పెట్టారు. మూత్రంలో స్ట్రూవైట్ అనే స్ఫటికాలు కనిపించాయట. ఇంటికి పంపించేటప్పుడు వైద్యురాలు ఒకే మాట చెప్పారు: "ఇకపై దీనికి వెట్ ఫుడ్ పెట్టండి."

అక్కడే నా సందేహాలు మొదలయ్యాయి. మా ఊళ్లో ఈ తడి ఆహారం 80 గ్రాముల పౌచ్ (చిన్న ప్యాకెట్) 45 రూపాయలకు దొరుకుతోంది. రోజుకు మూడు నాలుగు పౌచ్‌లంటే, నెలకు ఈ ఒక్క పిల్లికే నాలుగు వేలు దాటుతుంది. రెండింటికీ అదే పెట్టడం నా జీతానికి చాలా భారం. పైగా ఐదేళ్లుగా గింజలు నమిలిన ఈ పిల్లి పౌచ్ విప్పి పెడితే వాసన చూసి, పాదంతో నేలను గీకి, వెళ్లిపోతోంది. గింజలనే నీళ్లలో నానబెట్టి పెడితే సరిపోతుందా? రెండో పిల్లికి కూడా మార్చాలా? వెట్ ఫుడ్ తింటే పళ్లు పాడవుతాయని కొందరు, డ్రై ఫుడ్ విషంతో సమానమని మరికొందరు చెబుతున్నారు. మా అత్తగారు పెరుగన్నం కలిపి పెడతానంటున్నారు, పిల్లి కూడా దాన్ని కాస్త నాకుతోంది. ఆ రాత్రి మంచం కింద దాని మూలుగు ఇంకా నా చెవుల్లోనే ఉంది, కాబట్టి అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: పట్టునగరం (బరంపురం)

మహేంద్రతనయ గారూ, మీ పిల్లి బతికి బయటపడినందుకు సంతోషం. గండుపిల్లుల్లో మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది కనుక ఆడపిల్లుల కంటే వాటికే ఈ గండం ఎక్కువ. వైద్యురాలి మాటను కాదనడం నా ఉద్దేశం కాదు. అయినా డ్రై ఫుడ్‌ను విషం అనే మాటకు మాత్రం నేను అడ్డు చెప్పక తప్పదు. మా ఇంట్లో నాలుగు పిల్లులు, వీధిలో మరో ఏడు నా చేతి తిండి తింటాయి. ఇంట్లో ఉన్నవాటిలో పెద్దదానికి పన్నెండేళ్లు. చిన్నప్పటి నుంచీ దాని ప్రధాన ఆహారం డ్రై ఫుడ్డే, ఇప్పటికీ గోడ ఎక్కుతుంది. వీధి పిల్లులకు పౌచ్‌లు పెట్టాలంటే నా వల్ల కాదు. ఆ ఏడింటికీ ఎదురుగా ఉన్న ప్రశ్న తడిదా పొడిదా అన్నది కాదు, ఈ పూట తిండి ఉందా లేదా అన్నది.

ఇక్కడి తుపాన్ల సంగతి కూడా మరిచిపోకండి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. 2018లో తిత్లీ మీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో మీకే బాగా తెలుసు. ఫ్రిజ్ పనిచేయని ఆ రోజుల్లో విప్పిన పౌచ్‌లో సగం మిగిలితే పారేయడం తప్ప గతి లేదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలోని గింజలే మా పిల్లులను నిలబెట్టాయి. అందుకే, మీరు వెట్ ఫుడ్‌కు మారినా, పిల్లికి గింజల అలవాటు పూర్తిగా పోనివ్వవద్దని నా సలహా.

నాకు అభ్యంతరం గింజల మీద కాదు, వాటిని మనం పెట్టే పద్ధతి మీద. నేను కూడా ఒకప్పుడు మీలాగే గిన్నె నిండా పోసి వెళ్లిపోయేదాన్ని, నా రెండో పిల్లి ఆరున్నర కిలోలకు చేరింది. అప్పుడు వంటింటి తూకం తీసుకుని కొలిచి పెట్టడం మొదలుపెట్టాను. మొదటిసారి కొలిచినప్పుడు నేను "గుప్పెడు" అనుకుంటున్నది 45 గ్రాములని తెలిసి నాకు గుండె జారిపోయింది, ఎందుకంటే రోజుకు అలాంటి గుప్పెళ్లు మూడు పెడుతున్నాను.

మరొక విషయం. మన చిన్న ఊళ్ల దుకాణాల్లో పెద్ద బస్తా విప్పి, లూజుగా తూచి, పాలిథిన్ సంచిలో కట్టి అమ్ముతారు. చవక కదా అని నేనూ రెండేళ్లు కొన్నాను. ఒక శ్రావణమాసంలో తెచ్చిన సంచిలోంచి ముక్కిన నూనె వాసన వచ్చింది, పిల్లులు ముట్టలేదు. ఆ సంచి మీద తయారీ తేదీ లేదు, గడువు లేదు, అందులో ఏముందో రాసిన చీటీ లేదు, కాబట్టి ఎవరినీ అడగడానికీ వీలు లేకపోయింది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో గింజల మీది కొవ్వు త్వరగా ముక్కిపోతుంది, బూజు కూడా పడుతుంది. చిన్న ప్యాకెట్ కొని, ప్యాకెట్‌తో సహా గాలి చొరని డబ్బాలో పెట్టి, నెల రోజుల్లోపు వాడేయండి.

జవాబు: విశ్రాంత పశువైద్యుడు (రాయగడ)

మహేంద్రతనయ గారికి, పట్టునగరం గారికి నమస్కారం. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆవులు, మేకల మధ్య గడిచింది. చివరి పదేళ్లలోనే పిల్లులను తీసుకొచ్చేవారు పెరిగారు. వేసవిలో నా దగ్గరకు వచ్చిన గండుపిల్లుల్లో మీరు చెప్పిన బాధతో వచ్చినవి చాలానే ఉన్నాయి, వాటిలో కొన్నింటిని కాపాడలేకపోయాను. అందువల్ల కొంచెం విస్తారంగా రాస్తాను, మన్నించండి.

ముందుగా పిల్లి ఎటువంటి జంతువో చూడాలి. మన ఇంటి పిల్లికి పూర్వీకురాలు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎండునేలల్లో తిరిగే అడవిపిల్లి. దానికి చెరువులు, కాలువలు దగ్గర లేవు. పట్టిన ఎలుకే దానికి తిండీ, నీరూ. ఎలుక శరీరంలో సుమారు 70 శాతం నీరే ఉంటుంది. అందుచేత పిల్లికి దాహం తక్కువ, మూత్రాన్ని చిక్కబరిచి నీటిని పొదుపు చేసే శక్తి దాని మూత్రపిండాలకు ఎక్కువ. ఈ స్వభావం మన ఇంట్లో గింజల గిన్నె ముందు కూర్చున్నప్పుడు దానికే ఎదురుతిరుగుతుంది. డ్రై ఫుడ్ తినే పిల్లి గిన్నెలోని నీళ్లు ఎక్కువే తాగుతుంది, నిజమే. అయినా తిండితో వచ్చేదీ, తాగేదీ కలిపి చూస్తే వెట్ ఫుడ్ తినే పిల్లి ఒంట్లోకి వెళ్లే నీటితో అది సమానం కాదు.

మీ పిల్లి లెక్కే చూద్దాం. దాని బరువు నాలుగున్నర కిలోల దగ్గర ఉంటే మంచిది. ఆ బరువుకు రోజుకు సుమారు 215 కిలోకేలరీలు చాలు. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో సుమారు 370 కిలోకేలరీలు ఉంటాయి కనుక 58 గ్రాముల గింజలతో ఆ అవసరం తీరిపోతుంది. ఆ గింజల్లో ఉండే నీరు ఐదారు మిల్లీలీటర్లు, అంటే ఒక చెంచాడు. అదే శక్తి వెట్ ఫుడ్ నుంచి రావాలంటే, 100 గ్రాములకు 80 కిలోకేలరీల చొప్పున, 80 గ్రాముల పౌచ్‌లు మూడున్నర దాకా కావాలి; వాటితో పాటు 210 మిల్లీలీటర్లకు పైగా నీరు పిల్లి అడగకుండానే లోపలికి వెళుతుంది. పిల్లికి కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల నీరు కావాలి కనుక, రోజు అవసరం దాదాపు అంతా తిండితోనే తీరుతుందన్నమాట. మీ వైద్యురాలు చెప్పిన ఒక్క మాటలో ఉన్నది ఈ నీటి లెక్కే. మూత్రం పలచబడి, రోజుకు ఎక్కువసార్లు పోసినప్పుడు స్ఫటికాలు పేరుకోవడానికి వ్యవధి ఉండదు.

అయితే తప్పంతా గింజల మీదనే వేయడం న్యాయం కాదు. మూత్రనాళం మూసుకుపోవడానికి ఊబకాయం, కదలిక లేకపోవడం, ఇంట్లో భయం లేదా ఒత్తిడి, మురికి తొట్టె కూడా కారణాలే. వయసులో ఉన్న పిల్లుల్లో మూత్రాశయం వాపుకు చాలాసార్లు రాయి గానీ, సూక్ష్మజీవి గానీ కారణంగా కనిపించదు. మీ పిల్లి విషయంలో స్ట్రూవైట్ కనిపించింది కనుక ఒక మేలు ఉంది: తగిన ఆహారంతో అది కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ అనే మరో రకం స్ఫటికమైతే ఆహారంతో కరగదు. అందువల్ల వైద్యురాలు ప్రత్యేకంగా మూత్ర సమస్యల ఆహారమే రాసి ఇచ్చి ఉంటే ముందు దాన్నే, వారు చెప్పినంత కాలం, వేరే ఏదీ కలపకుండా పెట్టండి. మామూలు వెట్ ఫుడ్ అన్నారా, ఆ ప్రత్యేక ఆహారం అన్నారా అన్నది మీ ప్రశ్నలో స్పష్టంగా లేదు. వారికి ఒకసారి ఫోన్ చేసి అడగండి.

మామూలు వెట్ ఫుడ్డే అన్నట్లయితే, ఖర్చు విషయంలో మధ్యేమార్గం ఉంది. రోజుకు రెండు పౌచ్‌లు, 24 గ్రాముల గింజలు కలిపితే మొత్తం అదే 215 కిలోకేలరీలకు వస్తుంది. పౌచ్ పెట్టిన ప్రతిసారీ రెండు పెద్ద చెంచాల గోరువెచ్చని నీరు కలిపితే, తిండి ద్వారానే 190 మిల్లీలీటర్ల నీరు చేరుతుంది. నెలకు పౌచ్‌ల ఖర్చు 2,700 రూపాయల దగ్గర ఆగుతుంది. గింజలను నానబెట్టడం కూడా పనికివచ్చే పద్ధతే. గింజలకు రెట్టింపు గోరువెచ్చని నీరు పోసి పావుగంట ఆగి పెట్టండి. కాని నానిన గింజలు మన వేసవిలో గంటకు మించి ఉండకూడదు, పొద్దున నానబెట్టి బడికి వెళ్లిపోవడం కుదరదు. విప్పని పౌచ్‌కు ఫ్రిజ్ అక్కరలేదు, విప్పినదానికే కావాలి. మిగిలినది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాటిలోగా వాడేయండి.

పౌచ్ కొనేటప్పుడు దాని వెనుక భాగం చదవండి. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని ఉంటేనే అది రోజూ తినే భోజనం. "కాంప్లిమెంటరీ" అని ఉన్నవి, నాకించే క్రీము గొట్టాల వంటివి, పైపై తిండ్లు మాత్రమే. వాటి మీదే ఆధారపడితే పోషకాలు తగ్గిపోతాయి. ప్రోటీన్ శాతాలను కూడా ఉన్నవి ఉన్నట్టు పోల్చకండి. పౌచ్ మీద 9 శాతం, గింజల ప్యాకెట్ మీద 32 శాతం అని చూసి గింజలే బలమని చాలామంది భ్రమపడతారు. పౌచ్‌లో 80 శాతం నీరు, గింజల్లో 10 శాతం నీరు తీసివేసి లెక్కకడితే మొదటిది 45 శాతం, రెండవది 36 శాతం అవుతుంది.

పెరుగన్నం విషయంలో మీ అత్తగారి మనసును నేను అర్థం చేసుకోగలను. మా అమ్మ కూడా పిల్లికి చద్దన్నంలో పాలు పోసి పెట్టేది; ఆ పిల్లి మిగతాదంతా ఎలుకలతో సరిపెట్టుకునేది. ఇంట్లోనే ఉండే పిల్లికి ఆ అవకాశం లేదు. పిల్లి మాంసం మీదనే బతకవలసిన జంతువు. మనమైతే క్యారెట్ నుంచి విటమిన్ ఎ తయారుచేసుకుంటాం, పిల్లి చేసుకోలేదు. టారిన్ అనే పదార్థాన్ని కూడా అది తన ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు. అది తగ్గితే కంటి వెనుక పొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. ఈ గుండెజబ్బుకూ టారిన్‌కూ ఉన్న సంబంధాన్ని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని పరిశోధకులు బయటపెట్టారు. గమనించవలసిందేమిటంటే, అప్పుడు జబ్బుపడినవి వీధి పిల్లులు కావు, కంపెనీ ఆహారం తింటున్న పెంపుడు పిల్లులు. ఆ తర్వాతనే ఆహారంలో టారిన్ పెంచారు. కాబట్టి పెరుగు ఒక చెంచా నాకితే నష్టం లేదు, దాన్ని భోజనంగా మాత్రం లెక్కించకండి.

పళ్ల మాట. మామూలు గింజ పిల్లి పంటి కొన తగలగానే విరిగిపోతుంది, చాలావరకు మింగేస్తుంది కూడా. అది పంటిని తోముతుందన్నది పెద్దగా ఆధారం లేని నమ్మకం. పళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన పెద్ద గింజల సంగతి వేరు. పిల్లల పళ్లపొడి కాకుండా పిల్లులకు తగిన పేస్టుతో తోమడమే అసలైన మార్గం.

ఇక తినకపోవడం. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. "ఆకలేస్తే అదే తింటుంది" అని గింజలు పూర్తిగా ఆపి మొండికి దిగవద్దు. మనుషుల మాదిరిగా పిల్లి ఉపవాసం ఉండలేదు. ముఖ్యంగా బరువున్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదకు వస్తుంది. ముందుగా, రోజంతా గిన్నె తెరిచి ఉంచే అలవాటు మాన్పించి, వేళకు పెట్టి అరగంటకు తీసేయండి. తర్వాత గింజల్లోనే అర చెంచా వెట్ ఫుడ్ కలపండి, లేదా వెట్ ఫుడ్ మీద రెండు గింజలు పొడిచేసి చల్లండి. పౌచ్‌ను గోరువెచ్చని నీటిలో ఐదు నిమిషాలు ఉంచి విప్పితే వాసన లేస్తుంది. అప్పుడే చంపిన వేట ఎంత వెచ్చగా ఉంటుందో అంత వెచ్చదనం పిల్లికి ఇష్టం. మామూలుగా వారం పది రోజుల్లో మార్పు పూర్తవుతుంది, మీ పిల్లికి నెల పట్టినా తొందరపడకండి.

చిన్నదాని విషయంలో నా అభిప్రాయం: జబ్బు లేదు కనుక పూర్తిగా మార్చనక్కరలేదు, కాని రోజుకు ఒక పూట వెట్ ఫుడ్ అలవాటు చేయండి. వయసులో రెండు రకాలూ తినడం నేర్చిన పిల్లి ముసలితనంలో మూత్రపిండాల జబ్బు వచ్చి ఆహారం మార్చవలసి వచ్చినప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టదు.

చివరగా ఒక అభ్యర్థన. గండుపిల్లి ఇసుక తొట్టెకు పదేపదే వెళ్లి చుక్క కూడా పోయకపోతే తెల్లవారేదాకా ఆగకండి. మూత్రం ఆగిన పిల్లి రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజులే వ్యవధి. స్థానికంగా గొట్టం వేసే వీలు లేకపోతే సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లోని గరివిడిలోనూ, మన ఒడిశాలో భువనేశ్వర్‌లోనూ పశువైద్య కళాశాలలున్నాయి. దారిలోనే ఫోన్ చేసి పిల్లి పరిస్థితి చెప్పండి.

జవాబు: ఉప్పుగాలి (గోపాల్‌పూర్)

డాక్టర్ గారి జవాబు చదివాక నాకు ఒక సందేహం కలిగింది. మా రేవులో పొద్దున్నే కవళ్లు, నెత్తళ్లు చవకగా దొరుకుతాయి. నేను వాటిని ఉప్పు లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, అన్నంతో కలిపి మా పిల్లికి రెండు పూటలా పెడుతున్నాను. ఇది కూడా తడి ఆహారమే కదా, పైగా తాజా చేప. కొన్నిసార్లు పచ్చివే వేస్తాను. పౌచ్‌కు 45 రూపాయలు పెట్టేకంటే మహేంద్రతనయ గారు ఇలా చేయవచ్చు కదా అనిపించింది, వారింట్లో చేప వండరు కనుక ఆ ఇబ్బంది ఉందనుకోండి. మా పక్కింటి పెద్దాయన అయితే ఎండుచేప పెడితే దాహం పుట్టి నీళ్లు బాగా తాగుతుందంటారు. అది కూడా సరైనదేనా?

జవాబు: విశ్రాంత పశువైద్యుడు (రాయగడ)

ఉప్పుగాలి గారూ, నీరు అందుతుందన్న మాట నిజం, అంతవరకు మీ పద్ధతి మంచిదే. కాని ముళ్లు తీసిన చేప, అన్నం మాత్రమే అయితే కాల్షియం దాదాపు ఉండదు, భాస్వరం ఎక్కువవుతుంది. ఏళ్ల తరబడి అదే పెడితే ఎముకలు పలచబడతాయి. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఆ లోపం వచ్చిన పిల్లి తల కిందికి వాలిపోతుంది, తూలుతుంది, మూర్ఛలు వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది కనుక పచ్చివి వేయడం ఈ రోజే మానేయండి. ఒంట్లో సహజంగా నూనె ఎక్కువగా ఉండే చేపలనే రోజూ పెడితే విటమిన్ ఇ తగ్గి ఒంట్లోని కొవ్వుపొర వాచే జబ్బు కూడా ఉంది. ఉడికించిన నీటిలోకి టారిన్ దిగిపోతుంది, ఆ నీటిని పారబోయకుండా కలిపి పెట్టండి. ఉడికిన చేపను మొత్తం తిండిలో పదో వంతు వరకు ఉంచుకుని, మిగతాది సంపూర్ణ ఆహారం పెడితే నాకు అభ్యంతరం లేదు.

ఎండుచేప విషయంలో మాత్రం గట్టిగా వద్దని చెబుతాను. ఆ ఉప్పు మోతాదు ఎంతో మీకూ తెలియదు, పిల్లికీ తెలియదు. మూత్రపిండాలు, గుండె బలహీనంగా ఉన్న పిల్లికి అది హాని. దాహం పుట్టించడం కంటే తిండిలోనే నీరు కలపడం సురక్షితం. అలాగే మనం వండుకున్న చేపల పులుసు ముక్క కడిగి పెట్టేవారున్నారు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరగ్గొడతాయి, కడిగినా పులుసు లోపలికి ఇంకే ఉంటుంది.

జవాబు: పట్టునగరం (బరంపురం)

డాక్టర్ గారూ, నీటి లెక్క చదివి మా పన్నెండేళ్ల పిల్లికి ఈ రోజే ఒక పూట పౌచ్ మొదలుపెట్టాను. వీధి పిల్లులకు కూడా ఇకపై గింజలు తడిపే పెడతాను. అవి పెట్టిన ఐదు నిమిషాల్లోనే తినేస్తాయి కనుక పాడయ్యే భయం లేదు. మహేంద్రతనయ గారికి ఒక చిన్న ఉపాయం: తిండి గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెడితే చీమలు ఎక్కవు. నీళ్ల గిన్నెను తిండికి దూరంగా వేరే గదిలో ఒకటి, వసారాలో ఒకటి పెట్టండి. మా పిల్లులు తిండి పక్కన ఉన్న నీళ్ల కంటే తులసికోట దగ్గర పెట్టిన వెడల్పాటి మట్టి మూకుడులోవే ఎక్కువ తాగుతాయి.

జవాబు: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. ముందుగా అందరికీ కృతజ్ఞతలు. వైద్యురాలికి ఫోన్ చేస్తే, మొదటి నెల మూత్ర సమస్యల ఆహారం, ఆ తర్వాత మామూలు వెట్ ఫుడ్ అని తాను చీటీలో రాశానని చెప్పారు. ఆ చీటీ రెండో వైపు నేను తిప్పి చూడలేదు. డాక్టర్ గారు అడగమనకపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు. ఆ నెల ఆహారాన్ని బరంపురం నుంచి తెప్పించాను. అందులో పౌచ్‌లూ, గింజలూ రెండూ ఉన్నాయి కనుక ఆ రెండింటితోనే అలవాటు మార్చాను.

మొదటి తొమ్మిది రోజులు చాలా కష్టంగా గడిచాయి. కలిపిన ముద్దలోంచి గింజలను మాత్రం ఏరుకుని తినేది. పదో రోజున పౌచ్‌ను వేడినీటిలో ఉంచి, మీద గింజల పొడి చల్లి పెడితే, మొదట అంచు నాకి, తర్వాత సగం తినింది. నేను ఆ సగం గిన్నెను చూస్తూ చాలాసేపు పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు పొద్దున ఒక పౌచ్, రాత్రి ఒక పౌచ్, మధ్యాహ్నం తూచిన 24 గ్రాముల గింజలు పెడుతున్నాం. బరువు ఐదున్నర నుంచి ఐదు కిలోల రెండు వందల గ్రాములకు తగ్గింది. మూత్రం చిక్కదనం (నీటితో పోల్చిన సాంద్రత) అప్పట్లో 1.055 ఉండేదట, నిన్నటి పరీక్షలో 1.032 వచ్చింది, స్ఫటికాలు కనిపించలేదు. రోజుకు ఒక్కసారి తడిసే ఇసుక ఇప్పుడు మూడు చోట్ల తడుస్తోంది. ఇంతకుముందు చిరాకుపడుతూ ఎత్తిపోసేదాన్ని; ఇప్పుడు ప్రతి ముద్దనూ లెక్కపెట్టి క్యాలెండరులో రాస్తున్నాను.

మధ్యాహ్నం నేను బడిలో ఉంటాను కనుక ఆ గింజలు మా అత్తగారే పెడతారు. పౌచ్ మాత్రం వంటింట్లోకి రాకూడదన్నది ఆవిడ షరతు, నేను ఒప్పుకున్నాను. పెరటి అరుగు మీద దానికొక చెంబు, ఒక పళ్లెం వేరుగా పెట్టాం. పెరుగన్నం మానేశారు. డాక్టర్ గారు రాసిన గుండె సంగతి, చూపు సంగతి నేను చదివి వినిపిస్తే, "మాకెవరూ చెప్పలేదమ్మా" అని బాధపడ్డారు. నిన్న నేను రావడం ఆలస్యమైతే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఆవిడే చెంబులో వేడినీళ్లు పోసి పౌచ్ అందులో ఉంచారు.

చిన్నదానికి రోజూ సగం పౌచ్ ఇస్తున్నాను, దానికేమీ ఇబ్బంది లేదు. తుపాన్లొచ్చే అక్టోబరు రాకముందే నాలుగు వారాలకు సరిపడా పౌచ్‌లూ, ఒక గింజల ప్యాకెట్టూ అటక మీద పెట్టుకుంటాను. మూడు నెలలకు మళ్లీ మూత్ర పరీక్ష చేయించమన్నారు; ఆ ఫలితం ఇక్కడే రాస్తాను.